తెలుగు వల్ల ప్రింటర్ స్లో అవుతుందా?

మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా పిన్ని ఫోన్ చేసింది. "ఒరేయ్, నువ్వు పెట్టిన ఆ తెలుగు తీసెయ్యరా. అది పెట్టినప్పట్నుంచీ మిషను నత్తలాగా నడుస్తోంది" అంది. నిద్రమత్తులో నాకు ముందు అర్థం కాలేదు. తెలుగు పెడితే మిషను నెమ్మదించడం ఏంటి?

విషయం చెప్తాను. మా పిన్ని వాళ్ళది గుంటూరులో పచ్చళ్ళ వ్యాపారం. పెద్దదేం కాదు, ఇంటి వెనక ఒక షెడ్డు, పనికి ఐదారుగురు ఆడవాళ్ళు. ఎండాకాలం వస్తే మాత్రం ఊపిరాడదు. ఆవకాయ, మాగాయ, పండుమిర్చి, గోంగూర, నిమ్మకాయ అన్నీ సీసాల్లోకి ఎక్కి, లేబుల్ అంటించుకుని, సాయంత్రం పార్శిల్ బస్సుకి వెళ్ళిపోవాలి. లేబుల్ మీద పేరు, బరువు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎమ్మార్పీ, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు నంబరు, శాకాహారానికి గుర్తుగా చదరంలో ఆకుపచ్చ చుక్క, బార్‌కోడ్ ఉంటాయి. ఆకుపచ్చ చుక్క ముందే అచ్చయి వస్తుంది, మిగతావన్నీ మన ప్రింటర్ పని. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ ఉండాలని రూల్. తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు, పెట్టకపోయినా అడిగేవాళ్ళు లేరు.

ఈ ఉగాదికి వెళ్ళినప్పుడు పచ్చడి పేరు పెద్ద అక్షరాల్లో తెలుగులో కూడా వచ్చేలా లేబుల్ మార్చింది నేనే. భాషాభిమానం అనుకోకండి, అంత లేదు నాకు. లేబుల్స్ అంటించే ఇద్దరు అక్కల్లో ఒకావిడకి ఇంగ్లీషు రాదు. పోయినేడాది పండుమిర్చి సీసాలకి గోంగూర లేబుల్స్ పడి ఒక పెట్టె మొత్తం వెనక్కి వచ్చింది. ఆవిడ చూపులో రెండు లేబుల్సూ ఒకటే మరి. తెలుగు పెట్టాక మళ్ళీ అలా జరగలేదు.

అందుకే "తెలుగు తీసెయ్" అన్న మాట నాకు చిన్న విషయంగా అనిపించలేదు. ఇంకోటి కూడా ఉంది. ఆ అక్కలకి రోజు కూలి కాదు, సీసాకి ఇంత అని లెక్క. రోజుకి సుమారు 600 సీసాలు. ఏ రకం ఎన్ని సీసాలు నిండాయో మధ్యాహ్నం దాకా తెలియదు కాబట్టి లేబుల్స్ ముందే కొట్టి పెట్టుకోలేరు, పైగా బ్యాచ్ నంబరు రోజూ మారుతుంది. ప్రింటర్ ఒక్కో లేబుల్‌కి తొమ్మిది సెకన్లు తీసుకుంటుంటే వాళ్ళు సీసా చేతిలో పట్టుకుని మిషను వైపు చూస్తూ కూర్చుంటున్నారు. 600 లేబుల్స్‌కి గంటన్నర. అప్పటికే రెండుసార్లు బస్సు తప్పిందట.

సెమిస్టర్ పరీక్షలు అయిపోయాయి కాబట్టి మధ్యాహ్నం బస్సెక్కి వెళ్ళాను. "కంప్యూటర్ ఇంజనీరు వచ్చాడు" అని మా బాబాయి అందరికీ చెప్పేశాడు. అక్కణ్ణుంచి ఇంక తప్పించుకోవడానికి లేదు.

మొదటి గంట వృథా

నిజం చెప్పాలంటే మొదటి గంటలో నేను చేసిన ఒక్క పనికీ కారణం లేదు. ప్రింట్ హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. మంచి అలవాటే, దానివల్ల అచ్చు నీట్‌గా వస్తుంది, తెల్ల గీతలు పోతాయి. వేగానికీ దానికీ మాత్రం సంబంధం లేదు. తర్వాత డ్రైవర్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశాను. నలభై నిమిషాలు పోయాయి, ఏమీ మారలేదు. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో ప్రింట్ స్పీడు సెకనుకి 4 అంగుళాలు ఉంటే 6 చేశాను. అచ్చు కాస్త పాలిపోయింది, వేగం మాత్రం అలాగే ఉంది.

ఈ చివరి దాని గురించి తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. కంప్యూటర్ ఆర్కిటెక్చర్‌లో ఆమ్డాల్ సూత్రం చదివాం కదా, 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పింది. మొత్తం పనిలో ఒక చిన్న భాగాన్ని ఎంత వేగం చేసినా మొత్తం మీద తేడా ఆ భాగం ఉన్నంత వరకే. పరీక్షలో ఐదు మార్కులకి రాశాను, షెడ్డులో గుర్తు రాలేదు. లేబుల్ ఎత్తు 50 మిల్లీమీటర్లు, మధ్య ఖాళీ 3. సెకనుకి 4 అంగుళాలంటే దాదాపు 100 మిల్లీమీటర్లు. అంటే కాగితం కదిలే పని మొత్తం అర సెకనే. తొమ్మిది సెకన్లలో అర సెకను భాగాన్ని పట్టుకుని నేను కుస్తీ పడుతున్నాను.

మరి మిగతా ఎనిమిదిన్నర సెకన్లు ఎక్కడికి పోతున్నాయి? ఈ ప్రశ్న మొదటి నిమిషంలోనే వేసుకోవాల్సింది.

లేబుల్ ఎక్కడెక్కడ ఆగుతుంది?

మనం ప్రింట్ నొక్కాక లేబుల్ నాలుగైదు చేతులు మారుతుంది. ముందు అప్లికేషన్, మా విషయంలో ఎక్సెల్, పేజీని తయారు చేస్తుంది. దాన్ని విండోస్ స్పూలర్ వరసలో పెడుతుంది. డ్రైవర్ దాన్ని ప్రింటర్‌కి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. అది కేబుల్ గుండా ప్రయాణిస్తుంది. ప్రింటర్ లోపలి మెమరీలో లేబుల్ బొమ్మ పూర్తిగా తయారయ్యాక మోటారు తిరుగుతుంది, హెడ్ వేడెక్కి రిబ్బన్ మీది మైనం కాగితానికి అంటుకుంటుంది. (రిబ్బన్ లేకుండా నేరుగా కాగితమే నల్లబడే రకం కూడా ఉంది. నూనె చేతులు, ఎండ తగిలే పచ్చళ్ళ సీసాలకి అది పనికిరాదు.) వీటిలో ఏ చెయ్యి నెమ్మదో తేల్చాలంటే దారిని మధ్యలో తెంపి చూడటమే పద్ధతి.

మొదటి తెంపు ప్రింటర్ దగ్గర. ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేస్తే చాలా లేబుల్ ప్రింటర్లు తమ సెట్టింగ్స్ అన్నీ ఒక కాగితం మీద తామే కొట్టి ఇస్తాయి. సెల్ఫ్ టెస్ట్ అంటారు. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, కేబుల్ అక్కర్లేదు. మా ప్రింటర్ ఆ కాగితాన్ని సర్రున ఒక్క ఊపులో బయటికి నెట్టింది. అంటే మోటారు, హెడ్, సెన్సార్ అన్నీ బాగున్నాయి. తప్పు అంతకు ముందు ఎక్కడో ఉంది. ఆ కాగితాన్ని పారేయకుండా జేబులో పెట్టుకున్నాను. మంచి పని చేశాను.

రెండోది స్టాప్‌వాచ్. "స్లోగా ఉంది" అన్న మాటతో ఏమీ చేయలేం. ఫోన్‌లో టైమర్ పెట్టి పది లేబుల్స్ కొట్టాను. 92 సెకన్లు. ఒక్కోదానికి 9.2. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి: మొదటి లేబుల్ మాత్రమే ఆలస్యమై మిగతావి చకచకా వస్తున్నాయా, లేక ప్రతి లేబుల్ ముందూ ఆగుతోందా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. మొదటిది మాత్రమే ఆలస్యమైతే ప్రింటర్ నిద్రలోంచి లేవడమో, నెట్‌వర్క్‌లో దాన్ని వెతకడమో, పెద్ద ఫైలు తయారవడమో అయ్యుంటుంది. మాది ప్రతి లేబుల్‌కీ ఆగుతోంది. ఆగినంతసేపూ ప్రింటర్ మీది ఆకుపచ్చ లైటు మిణుకుమిణుకుమంటోంది, అంటే డేటా అందుకుంటోందన్నమాట. ప్రింటర్ బద్ధకంగా కూర్చోలేదు. పాపం, వింటోంది.

మూడోది తెలుగు మీద విచారణ. పిన్ని పక్కనే నిలబడింది, తన మాటే నిజమవుతుందని. షీట్‌లో తెలుగు పేరు తీసేసి ఇంగ్లీషుతోనే పది లేబుల్స్ కొట్టాను. 91 సెకన్లు. పిన్ని టైమర్ వంక అనుమానంగా చూసింది. ఈసారి అన్నీ చెరిపేసి లేబుల్ మధ్యలో ఒకే ఒక్క ఫుల్‌స్టాప్ పెట్టి కొట్టాను. 90 సెకన్లు.

"చుక్కకి కూడా అంతేనా?" అంది పిన్ని.

చుక్కకి కూడా అంతే. తెలుగు నిర్దోషి.

చుక్కల లెక్క

ఎందుకలా అంటే, మా డ్రైవర్ అక్షరాలు పంపదు. లేబుల్ మొత్తాన్ని ఒక నలుపు తెలుపు బొమ్మగా గీసి చుక్కలుగా పంపుతుంది. అది ఇంగ్లీషో తెలుగో ఖాళీ జాగానో దానికి అనవసరం. మా ప్రింటర్ 203 డీపీఐ, అంటే మిల్లీమీటరుకి 8 చుక్కలు. లేబుల్ వెడల్పు 75 మిల్లీమీటర్లు కాబట్టి 600 చుక్కలు, ఎత్తు 50 కాబట్టి 400 వరసలు. 600ని 400తో గుణిస్తే 2,40,000 చుక్కలు. ఒక్కో చుక్కకి ఒక బిట్, ఎనిమిది బిట్లకి ఒక బైట్. మొత్తం 30,000 బైట్లు. (కొన్ని డ్రైవర్లు ఖాళీని వదిలేసి అవసరమైన భాగమే పంపుతాయి, కొన్ని కుదించి పంపుతాయి. మాది అంత తెలివైంది కాదు.)

ఇది ఊహించుకోవాల్సిన పని లేదు, కళ్ళతో చూడొచ్చు. డ్రైవర్ ప్రాపర్టీస్‌లో పోర్టు దగ్గర ప్రింటర్ పోర్టు బదులు ఫైల్ అని ఎంచుకుంటే, ప్రింటర్‌కి వెళ్ళాల్సిందంతా ఒక ఫైల్‌లోకి పోతుంది. దాని సైజు చూస్తే 30 వేల బైట్లకి కాస్త ఎక్కువ. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పైన నాలుగు వరసలు చక్కగా చదవడానికి వస్తాయి: లేబుల్ సైజు, గ్యాప్, స్పీడ్. ఆ తర్వాత పేజీల కొద్దీ పిచ్చి గుర్తులు, అదే బొమ్మ. చివర్లో మళ్ళీ ఒక చదవగలిగే వరస, ప్రింట్ 1,1 అని. ఈ ఒక్క ఫైల్ తెరిచి చూడటం నాకు మొత్తం సమస్యలో బాగా నచ్చిన ఘట్టం. డ్రైవర్ అంటే ఏదో మంత్రం అనుకుంటాం, అది కూడా మనలాగే ఒక ఫైలు రాస్తోంది.

సరే, 30 వేల బైట్లు ఈ రోజుల్లో ఒక లెక్కా? వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ ఫోటో ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్దది. యూఎస్‌బీలో అయితే సెకనులో పదో వంతు కూడా పట్టకూడదు. అప్పుడు ప్రింటర్ వెనక చూశాను. అక్కడ ఉన్నది యూఎస్‌బీ కేబుల్ కాదు. తొమ్మిది పిన్నుల సీరియల్ కేబుల్! నేను ఆ పోర్టుని ల్యాబ్‌లో మైక్రోప్రాసెసర్ కిట్ దగ్గర తప్ప ఇంకెక్కడా చూడలేదు.

బాబాయిని అడిగితే అప్పుడు చెప్పాడు. ఉగాది అయిన వారం ఎలుక యూఎస్‌బీ కేబుల్ కొరికేసిందట. ఆ సాయంత్రానికి పని జరగాలి కాబట్టి, మెకానిక్ వచ్చి ప్రింటర్ డబ్బాలో కొత్తగా పడి ఉన్న సీరియల్ కేబుల్ తగిలించి, పోర్టు మార్చి వెళ్ళాడు. ప్రింటర్ నడిచింది, అందరూ మర్చిపోయారు. తెలుగు వచ్చిందీ ఆ వారమే, కేబుల్ మారిందీ ఆ వారమే. తెలుగు లేబుల్ ముందువైపు కనిపిస్తుంది, కేబుల్ గోడ వైపు ఉంటుంది. నింద ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు.

జేబులోంచి సెల్ఫ్ టెస్ట్ కాగితం తీశాను. సీరియల్ పోర్టు 38,400 అని ఉంది. సెకనుకి 38,400 బిట్లు అన్నమాట. సీరియల్‌లో ఒక్కో బైట్‌కి ముందు ఒక స్టార్ట్ బిట్, వెనక ఒక స్టాప్ బిట్ చేరతాయి కాబట్టి బైట్‌కి పది బిట్లు. సెకనుకి 3,840 బైట్లు. 30,000ని 3,840తో భాగిస్తే 7.8 సెకన్లు. దానికి కాగితం కదిలే అర సెకను కలిపితే 8.3. నేను కొలిచింది 9.2.

ఇక్కడే ఆగిపోదామనుకున్నాను. కానీ ఆ మిగిలిన 0.9 సెకను గుచ్చుతూనే ఉంది. లెక్క దగ్గరగా వచ్చింది, కానీ కలవలేదు.

0.9 సెకను

ప్రింటర్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని గమనించాను. ప్రతి లేబుల్ కొట్టాక కాగితం కాస్త ముందుకి వస్తోంది, చింపుకోవడానికి వీలుగా. తర్వాతి లేబుల్ మొదలయ్యే ముందు మళ్ళీ వెనక్కి వెళ్తోంది. టేర్ ఆఫ్ మోడ్ అంటారు దీన్ని. ఒకే జాబ్‌లో వంద లేబుల్స్ ఉంటే మధ్యలో ఈ ముందుకీ వెనక్కీ నడక ఉండకూడదు, చివర్లో ఒక్కసారే ఉండాలి. ప్రతిసారీ వస్తోందంటే ఒక్కో లేబుల్ ఒక్కో జాబ్‌గా వెళ్తోందన్నమాట.

ప్రింట్ క్యూ తెరిచాను. ఒకే పేరుతో జాబ్‌లు దోసెల పెనం ముందు జనంలా బారులు తీరి ఉన్నాయి.

ఎక్సెల్‌లో "లేబుల్స్ కొట్టు" అని ఒక బటన్ ఉంటుంది. ఎన్ని కావాలో గడిలో వేసి అది నొక్కితే చాలు. దాని వెనక ఒక మాక్రో. తెరిచి చూశాను. ఒకటి నుంచి ఎన్ని కావాలో అన్ని వరకు ఒక ఫర్ లూప్, లోపల ప్రింట్ చెయ్యి అని ఒకే ఒక్క వరస. 200 లేబుల్స్ కావాలంటే ఆ బొమ్మని 200 సార్లు గీసి, 200 సార్లు స్పూలర్‌లో వేసి, 200 సార్లు కేబుల్ గుండా తోలుతుంది. ఒకే బ్యాచ్‌లో అన్ని లేబుల్సూ అక్షరం తేడా లేకుండా ఒకటే అయినా సరే.

ఎవడు రాశాడ్రా ఇది అనుకున్నాను. పైన కామెంట్‌లో నా పేరు ఉంది. ఫస్ట్ ఇయర్‌లో, సి లాంగ్వేజ్‌లో లూప్‌లు నేర్చుకున్న కొత్తలో, సంక్రాంతి సెలవులకి వచ్చి రాసిచ్చాను. అప్పట్లో పిన్ని నాకు ఐదొందలు ఇచ్చింది కూడా.

యూఎస్‌బీ ఉన్నంతకాలం ఈ తప్పు దాక్కుంది. ఒక్కో లేబుల్‌కి సెకనున్నర పట్టేది, అంటించేవాళ్ళకంటే ప్రింటరే ముందుండేది, ఎవరికీ నొప్పి తెలియలేదు. కేబుల్ మారేసరికి అదే తప్పు ఆరు రెట్లు పెరిగి బయటపడింది. మెకానిక్‌ని తిట్టుకుందామనుకున్నవాడిని, నోరు మూసుకున్నాను.

సరిచేయడం రెండు నిమిషాల పని. లూప్ తీసేసి, ప్రింట్ చెయ్యి అన్న ఆజ్ఞకే కాపీలు ఎన్నో ఆ సంఖ్య ఇచ్చాను. కొలేట్ అనే ఆప్షన్ కూడా తీసేశాను. అది ఉంటే కొన్నిసార్లు కంప్యూటరే పేజీలని మళ్ళీ మళ్ళీ పంపుతుంది. పని చేసిందో లేదో తెలుసుకోవడానికి మళ్ళీ అదే పాత ఉపాయం, ఫైల్‌లోకి ప్రింట్. 200 కాపీలు అడిగినా ఫైలు సైజు 30 వేల బైట్ల దగ్గరే ఉంది. చివరి వరసలో ప్రింట్ 1,200 అని ఉంది. బొమ్మ ఒక్కసారే వెళ్తుంది, ఎన్నిసార్లు అచ్చెయ్యాలో సంఖ్యగా వెళ్తుంది. మీ డ్రైవర్ ఇలా చేస్తుందో లేదో ఫైల్ చూస్తేనే నమ్మండి, అన్నీ చెయ్యవు.

200 లేబుల్స్‌కి పాత పద్ధతిలో అరగంట దాటేది. ఇప్పుడు మొదట ఎనిమిది సెకన్లు ఆగింది, తర్వాత ఆగకుండా కొడుతూనే పోయింది. మొత్తం 1 నిమిషం 55 సెకన్లు. ఇది ఆ సీరియల్ కేబుల్ మీదే! మర్నాడు సోమవారం షాపులు తెరిచాక 150 రూపాయలు పెట్టి యూఎస్‌బీ ప్రింటర్ కేబుల్ కొన్నాం, ఆ ఎనిమిది సెకన్లు కూడా పోయాయి.

తెలుగు ఎప్పుడు నిజంగా అడ్డొస్తుంది?

తెలుగు క్లబ్ పత్రిక కాబట్టి ఈ ముక్క వదిలేయలేను. పిన్ని అనుమానం మా విషయంలో తప్పు, కానీ పూర్తిగా అర్థం లేనిది కాదు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లు, గోడౌన్లలో వాడే ప్రోగ్రాములు చాలావరకు డ్రైవర్‌ని పక్కన పెట్టి ప్రింటర్‌తో దాని భాషలోనే మాట్లాడతాయి. జీబ్రా వాళ్ళది జెడ్‌పీఎల్, టీఎస్‌సీ వాళ్ళది టీఎస్‌పీఎల్. ఒకరి భాషని ఇంకొకరి ప్రింటర్లు అర్థం చేసుకోవడం కూడా మామూలే. ఈ పద్ధతిలో బొమ్మ వెళ్ళదు. "ఎడమ నుంచి ఇన్ని చుక్కలు, పై నుంచి ఇన్ని చుక్కలు వదిలి, ఈ ఫాంట్‌లో ఈ మాట రాయి" అని ఆజ్ఞ వెళ్తుంది. బార్‌కోడ్‌కి కూడా అంకెలు పంపితే చాలు, గీతలు ప్రింటరే గీసుకుంటుంది, పైగా బొమ్మగా పంపినదానికంటే అంచులు పదునుగా వస్తాయి. లేబుల్ మొత్తం నాలుగైదు వందల బైట్లలో అయిపోతుంది.

ఇక్కడ తెలుగు ఇరుక్కుంటుంది. ప్రింటర్‌లో పుట్టుకతో ఉండే ఫాంట్లలో తెలుగు ఉండదు. పోనీ ఫాంట్ ఎక్కించినా సరిపోదు. "నిమ్మకాయ" చూడండి. మన కంటికి నాలుగు అక్షరాలు: ని, మ్మ, కా, య. యూనికోడ్‌లో మాత్రం ఎనిమిది కోడ్‌లు: న, గుడి, మ, పొల్లు, మ, క, దీర్ఘం, య. వీటిని వచ్చిన వరసలో పక్కపక్కన పేర్చుకుంటూ పోతే నిమ్మకాయ రాదు. రెండో మకారం ఒత్తుగా మారాలి, గుడి నకారం నెత్తికెక్కాలి. ఈ అల్లికని షేపింగ్ అంటారు. విండోస్‌లో అది వ్యవస్థలోనే ఉంది, ఆండ్రాయిడ్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తుంది. ఇంగ్లీషు అక్షరాలు పేర్చడానికే తయారైన మామూలు లేబుల్ ప్రింటర్‌కి అంత చదువు లేదు. అందుకని తెలుగుని కంప్యూటరే బొమ్మగా గీసి ఇవ్వాలి. అప్పుడు కొందరు బద్ధకించి లేబుల్ మొత్తాన్నీ బొమ్మ చేసేస్తారు, అది నెమ్మదిస్తుంది, చివరికి "తెలుగు పెడితే స్లో" అన్న మాట పుడుతుంది.

దానికి మందు ఉంది. తెలుగు మాట ఒక్కదాన్నే చిన్న బొమ్మ చెయ్యాలి. 240 చుక్కల వెడల్పు, 56 చుక్కల ఎత్తు అనుకుంటే 1,680 బైట్లు, అంతే. దాన్ని ఒక్కసారి ప్రింటర్ మెమరీలోకి పేరు పెట్టి ఎక్కించాలి. ఆ తర్వాత ప్రతి లేబుల్‌లోనూ "ఆ పేరున్న బొమ్మని ఇక్కడ పెట్టు" అని ఒక వరస ఆజ్ఞ చాలు. ఫ్లాష్ మెమరీలో పెడితే కరెంటు పోయినా ఉంటుంది, మామూలు ర్యామ్‌లో పెడితే పోతుంది. పిన్ని పచ్చళ్ళు పన్నెండు రకాలు, పన్నెండు చిన్న బొమ్మలు. ఇది మాకు అవసరం పడలేదు గానీ ఆ రాత్రి ఆగలేక నిమ్మకాయకి చేసి చూశాను. బొమ్మ ముందే ఎక్కించాక ఒక్కో లేబుల్‌కి 400 బైట్లు కూడా వెళ్ళలేదు, ఆ సీరియల్ కేబుల్‌కి పదో వంతు సెకను పని. ఒక్కో సీసాకి వేరే వేరే సీరియల్ నంబరు కావాల్సినవాళ్ళకి కాపీల ఉపాయం కుదరదు కాబట్టి ఈ దారే మంచిది. నంబర్లు ఒకటొకటిగా పెంచుకుంటూ పోయే కౌంటర్ కూడా ఈ ప్రింటర్ భాషల్లో ఉంటుంది.

మీ ఇంట్లోనో షాపులోనో వేరే రకం ఇబ్బంది ఉండొచ్చు. లేబుల్‌కీ లేబుల్‌కీ మధ్య ఒక ఖాళీ లేబుల్ వదిలేస్తుంటే అది వేగం సమస్య కాదు, సైజో గ్యాపో తప్పు పడింది, సెన్సార్ కాలిబ్రేషన్ చెయ్యాలి. కొంతసేపు బాగా కొట్టి ఆగి మళ్ళీ మొదలుపెడుతుంటే హెడ్ వేడెక్కుతోందేమో చూడండి, డార్క్‌నెస్ తగ్గించండి. ప్రింటర్ ఇంకో కంప్యూటర్‌కి తగిలించి షేర్ చేసి ఉంటే ముందు ఆ కంప్యూటర్ మీదే కూర్చుని కొట్టి చూడండి. ఇక ఏ4 లేబుల్ షీట్లు లేజర్ ప్రింటర్‌లో నెమ్మదిగా వస్తే దాన్ని వదిలెయ్యండి. పేపర్ రకం లేబుల్ అని పెడితే టోనర్ బాగా అంటుకోవాలని అది కావాలనే నిదానిస్తుంది. మామూలు పేపర్ అని అబద్ధం చెప్పి తొందరపెడితే అక్షరాలు గోటితో గీకితే రాలిపోతాయి.

ఒక్కటి మాత్రం నేను ముందుగా ఊహించలేదు. మంగళవారం మధ్యాహ్నం పిన్ని బ్యాచ్ నంబరు మార్చకుండా బటన్ నొక్కింది. నిన్నటి నంబరుతో మాగాయ లేబుల్స్ 180. పాత స్పీడులో అయితే మూడో లేబుల్‌కే అక్క చూసి అరిచేది. ఇప్పుడు చూసేసరికి అరవై బయటికి వచ్చేశాయి. పిన్ని గబగబా క్యూలో జాబ్ డిలీట్ చేసింది. క్యూ ఖాళీ అయింది గానీ ప్రింటర్ ఆగలేదు. బొమ్మా సంఖ్యా రెండూ అప్పటికే దాని మెమరీలో ఉన్నాయి, ఇంక కంప్యూటర్‌తో దానికి పని లేదు. చివరికి బాబాయి వెళ్ళి స్విచ్ ఆపాడు. 112 లేబుల్స్ చెత్తబుట్టలోకి.

రాత్రి ఫోన్‌లో నాకు ఇదంతా చెప్పి, "మరీ ఇంత స్పీడెందుకురా" అంది పిన్ని. మాక్రో ఇంకోసారి మార్చాను. బటన్ నొక్కితే ముందు ఒక్క లేబుల్ మాత్రమే వస్తుంది. స్క్రీన్ మీద "తేదీ, బ్యాచ్ చూశారా?" అని తెలుగులో ఒక డబ్బా అడుగుతుంది. అవును అంటేనే మిగతావి. ఆ డబ్బాలో అవును నొక్కే పని ఇప్పుడు పిన్నిది కాదు, లేబుల్ అంటించే అక్కది.